ఆగ్నేయం వైపు తిరిగిన గొడుగులు

మా ఆయన టీవీ మెకానిక్. తెనాలిలో కాలువ వంతెన పక్కన మాకో చిన్న షాపు ఉండేది. ఊళ్లో ఎవరూ ఆయన్ని మెకానిక్ అనేవాళ్లు కాదు, యాంటెన్నా ఆయన అనేవాళ్లు. టీవీ లోపలి రిపేర్లు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మేడ మీద ఇనప పైపు నిలబెట్టి, దాని కొసన అల్యూమినియం పుల్లల యాంటెన్నా బిగించి, బెజవాడ టవర్ వైపు తిప్పి బొమ్మ తెప్పించడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. పైన ఆయన పైపును పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పుతుంటే, కింద ఆ ఇంటివాళ్లు టీవీ ముందు నిలబడి "వస్తోంది, వస్తోంది, ఆఁ పోయింది, కొంచెం వెనక్కండి" అని కేకలు పెట్టేవాళ్లు. తెర మీద చీమల్లా పాకే చుక్కలు తగ్గేకొద్దీ ఆ ఇంట్లో ముఖాలు విచ్చుకునేవి. ఆ కేకల్ని బట్టే ఆయన పని సాగేది.

నేను ఇంటర్ రెండో ఏడు ఫిజిక్స్‌లో తప్పాను. మళ్లీ కట్టేలోపే పెళ్లయింది. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక పగలంతా ఇంట్లో ఊరికే కూర్చోలేక షాపుకు వెళ్లేదాన్ని. వైర్లు ఒలిచిపెట్టడం, సీసం కరిగించి అతకడం, బూస్టర్లు విప్పి తుడవడం అన్నీ చూసి నేర్చుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లు గడిచాక, ఒక శ్రావణమాసంలో, పాకుడు పట్టిన పిట్టగోడ మీద నుంచి ఆయన జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడవగలిగారు గాని, మేడ మెట్లు ఎక్కబోతే రెండో మెట్టు దగ్గరే చెమటలు పట్టేవి. ఆ సరికే టౌన్లో సగానికి పైగా ఇళ్లకు కేబుల్ వచ్చేసింది. యాంటెన్నా కావాలని వచ్చేది పల్లెల వాళ్లే. పల్లెకు వెళ్తే ఇంటి కప్పు ఎక్కక తప్పదు. షాపుకు వచ్చినవాళ్లకు "వారం ఆగి రండి" అని చెప్పి పంపడం ఆయనకు అలవాటైపోయింది.

గొడుగులు వచ్చింది ఆ రోజుల్లోనే. అంతకుముందు మేం చూసిన డిష్‌లంటే కేబుల్ వాళ్ల మేడల మీద ఉండే పెద్ద పెద్ద జల్లెడలు. ఇప్పుడు వచ్చినవి రెండు చేటలంత ఉండేవి. వాటిని జనం గొడుగులనే పిలిచారు. సర్కారు ఛానళ్లన్నీ ఉపగ్రహం నుంచి డిజిటల్‌లో ఇస్తున్నారని, గొడుగూ డబ్బా కొనుక్కుంటే చాలని, బెజవాడలో మాకు సామాన్లు ఇచ్చే డీలరు ఒక సెట్టు చేతిలో పెట్టి పంపించాడు. "ముందు మీ ఇంటి మీద పెట్టి చూడండి, నేర్చుకున్నాక ఊళ్లకు అమ్ముదురుగాని" అన్నాడు.

మా ఇంటి మేడ నేనే ఎక్కాను. ఆయన టీవీని వరండాలోకి తెప్పించుకుని దాని ముందు కుర్చీలో కూర్చున్నారు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆయన కింద, నేను పైన ఉండడం అదే మొదలు. డబ్బాతో వచ్చిన పుస్తకంలో డిష్ అరవై ఐదు డిగ్రీలు ఎత్తి చూడాలని ఉంది. పిల్లల జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తెచ్చి కొలిచి మరీ వంచాను. తూర్పు నుంచి దక్షిణం దాకా కొద్దికొద్దిగా తిప్పాను.

"వచ్చిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

మూడు రోజులు ఇదే మాట. తెర మీద నీలం రంగు, అందులో సిగ్నల్ ఎంతుందో చూపే రెండు ఖాళీ గీతలు. యాంటెన్నా అయితే దగ్గరపడేకొద్దీ బొమ్మ తేటపడుతుంది, దూరమైతే చుక్కలు పెరుగుతాయి, ఎటు తిప్పాలో అదే చెబుతుంది. ఇక్కడ ఆ ఊసే లేదు. సరిగ్గా కుదిరితే నిండు బొమ్మ, వెంట్రుకవాసి తప్పినా ఏమీ లేదు. పక్కింటివాళ్లు మొదటి రోజు ఆసక్తిగా చూశారు, రెండో రోజు సలహాలిచ్చారు, మూడో రోజు బట్టలారేసుకుని కిందికి దిగిపోయారు.

మా ఆయన డబ్బాను అట్టపెట్టెలో పెట్టేస్తూ, "ఇది మన పని కాదే. యాంటెన్నా దారి చెప్తుంది. ఇది నోరు విప్పదు" అన్నారు.

మర్నాడు షాపుకు బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మేడమ్‌గారు. చాలా ఏళ్ల కిందట వాళ్ల ఇంటికి యాంటెన్నా పెట్టింది మా ఆయనే. కేబుల్ అంటే ఆవిడకు గిట్టదు. "కొత్తగా డిష్‌లు వచ్చాయటగా, మీరు పెడతారా?" అని అడిగారు. మా ఆయన చేత్తో వద్దని సైగ చేస్తున్నారు. ఎవరొచ్చినా పని లేదని తిప్పి పంపే ఆ షాపులో ఇంకో రోజు కూర్చోవడం నా వల్ల కాదనిపించింది.

"పెడతామండి. గురువారం వస్తాం" అన్నాను.

ఆయన నా వంక చూసి, "ఏం పెడతావు వెళ్లి?" అన్నారు.

"గొడుగు పెడతాను. బొమ్మ సంగతి అక్కడ చూద్దాం."

మార్చి రెండో వారం. డీలరు దగ్గర ఇంకో సెట్టు తెప్పించి, గొడుగును గోనెపట్టాలో చుట్టి పొద్దున్నే పాసింజర్ ఎక్కాం. ఎదుటి సీట్లో ముసలాయన దాన్ని ఎగాదిగా చూసి, "అంత మూకుడు ఏ పెళ్లికమ్మా?" అని అడిగాడు. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు. ఉన్న సంగతి చెబితే, "దీంట్లో టీవీ వస్తదా" అని ఆ ముసలాయన బాపట్ల దాకా నవ్వుతూనే ఉన్నాడు.

మేడమ్‌గారిది పాత డాబా ఇల్లు. ఆవిడ ఒక్కరే ఉండేవారు. తెల్లటి నేత చీర, ముక్కు మీదకు జారిన కళ్లద్దాలు. మా ఆయన హాల్లో టీవీ ముందు కూర్చున్నారు. నేను మేడెక్కి, మా ఇంటి మీద చేసినట్టే ఇక్కడా కోణమానినితో కొలిచి బిగించాను. మేడమ్‌గారు నా వెనకే పైకి వచ్చారు. అరగంట చూశాక, "ఆ పుస్తకం ఏదీ, ఇలా ఇవ్వు" అన్నారు. నిలబడే చదివారు.

"అరవై ఐదు డిగ్రీలని రాశాడు. నువ్వు ఈ పళ్లేన్ని అరవై ఐదుకు వంచావు. అంతేనా?"

"అంతేనండి."

ఆవిడ గొడుగు దగ్గరకొచ్చి, కింది అంచు నుంచి ముందుకు చాచిన ఇనప చెయ్యిని, దాని చివర ఉన్న బుడ్డిలాంటి దాన్ని వేలితో తట్టారు. ఉపగ్రహం నుంచి వచ్చింది గొడుగు మీద పడి ఆ బుడ్డి మూతిలోకి చేరాలి, అక్కడి నుంచి వైరు గుండా డబ్బాకు వెళ్లాలి. అంతవరకు నాకూ తెలుసు.

"ఇది మధ్యలో లేదు చూశావా? కింద నుంచి వచ్చింది. అంటే ఇది నిండు పళ్లెం కాదమ్మా. పెద్ద మూకుడులోంచి ఒక పక్క ముక్క కోసినట్టు. దీని ముఖం ఒకవైపు, చూపు ఇంకోవైపు. మెల్లకన్ను ఉన్నవాళ్లు మనల్ని చూస్తుంటే పక్కవాళ్లను చూస్తున్నారనుకుంటామే, అలాగ. ముఖం కొంచెం దించితేనే చూపు అరవై ఐదుకు ఉంటుంది. నువ్వు ముఖాన్నే అరవై ఐదుకు ఎత్తావు. అది ఎక్కడో నెత్తి మీదకు చూస్తోంది."

"ఎంత దించాలండి?"

"అది రాయలేదు వీడు."

ఆవిడ సుద్దముక్క తెచ్చి గచ్చు మీద గుండ్రంగా గీశారు. అది భూమి. పైన ఒక చుక్క. అది ఉపగ్రహం. మనకంటే పద్నాలుగు డిగ్రీలు తూర్పున, భూమధ్యరేఖ మీద కదలకుండా ఉందన్నారు. చాలాసేపు అంకెలు వేసి లేచి, ఆకాశం వంక చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు.

"ఇవాళ మంచి రోజున వచ్చావు. ఏడాదికి రెండుసార్లు, కొద్దిరోజుల పాటు, సూర్యుడు ఆ ఉపగ్రహం ఉన్న చోటు మీదుగానే నడుస్తాడు. ఈ వారం అందులో ఒకటి. నా లెక్క సరైతే పదకొండు దాటి పది నిమిషాలకు అక్కడుంటాడు. ఆ టైములో సూర్యుడి వెలుగు ఆ బుడ్డి మూతిలో పడిందంటే, టీవీ కూడా అందులో పడ్డట్టే."

టైము పదిన్నర దాటింది. గొడుగుకేమో బూడిదరంగు పెయింటు. దాని మీద పడ్డ ఎండ ఎటు పోతోందో కంటికి కనబడదు. ఏదైనా మెరిసేది కావాలి. వెండిరేకు అంటించినా ముడతలు పడుతుంది. అప్పుడు గుర్తొచ్చింది, కింద హాల్లో మేకుకు తగిలించిన అద్దాల సంచి. మేడమ్‌గారు ఎప్పుడో రాజస్థాన్ టూరుకు వెళ్లినప్పుడు కొన్నదని వచ్చేటప్పుడే చెప్పారు.

"మేడమ్, ఆ సంచికున్న అద్దాలు ఒక పది కావాలండి" అన్నాను మొహమాటంగా.

ఆవిడ కిందికి వెళ్లి సంచీ, కత్తెరా తెచ్చారు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని కుట్లు కత్తిరించాం. మా ఆయన దగ్గర ఎప్పుడూ ఉండే నల్ల టేపు తెచ్చి, పైసా బిళ్లంత అద్దాల్ని గొడుగు నిండా అక్కడక్కడా అంటించాను. పదకొండయింది. పది వెలుగు చుక్కలు చెల్లాచెదురుగా నీళ్ల ట్యాంకు మీద, నా చీర కుచ్చిళ్ల మీద, మేడమ్‌గారి కళ్లద్దాల మీద పడ్డాయి. గొడుగు ముఖాన్ని మెల్లగా కిందికి దించుతూ వచ్చాను. చుక్కలు కదిలి ఒకదానికొకటి దగ్గరకు జరగసాగాయి. ఆ బుడ్డి దగ్గరకు నాలుగు చేరాయి, తర్వాత ఏడు. మేడమ్‌గారు గడియారం చూస్తూ, "తొందరపడకు, ఇంకా రెండు నిమిషాలుంది" అన్నారు. కాస్త కుడికి జరిపాను. పదీ కలిసి ఆ బుడ్డి మూతి మీద ఒక్క బిళ్లగా వెలిగాయి.

కింద నుంచి కేక వినపడలేదు. అంతలో మెట్ల కింద కర్ర చప్పుడయింది. మా ఆయన కుర్చీలోంచి లేచి మొదటి మెట్టు దాకా వచ్చి నిలబడ్డారు.

"గీత అరవై దాటింది" అన్నారు. తర్వాత, నెమ్మదిగా, "బొమ్మ గాజు మీద గీసినట్టుంది. రా, చూద్దువుగాని."

బోల్టులు బిగించి దిగాను. వార్తలు చదివే ఆవిడ తెర మీద ఉంది. ఒక్క చుక్క లేదు, నీడ లేదు. మేడమ్‌గారు దగ్గరగా వెళ్లి కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఈవిడ చీరలకు జరీ అంచు ఉంటుందా? ఇన్నాళ్లూ వట్టి తెల్ల అంచనుకున్నాను" అన్నారు.

భోజనం పెట్టేటప్పుడు, నేను ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పానని చెప్పాను. "ఏ పాఠం రాయలేకపోయావు?" అని అడిగారు. అద్దాలు, కాంతి అన్నాను. ఆవిడ నవ్వలేదు. "పరీక్ష కాగితం మీద ఎండ ఉండదు కదమ్మా" అని, నాకింకో గరిటె పప్పు వేశారు. బయల్దేరే ముందు మా ఆయన నన్ను మళ్లీ మేడ మీదకు పంపి, బిగించిన గొడుగు ముఖం ఎంత వంగి ఉందో కొలిపించి, కాగితం మీద రాయించుకున్నారు.

తిరుగు రైల్లో ఆయన ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నారు. కోపమేమో అనుకున్నాను. నిడుబ్రోలు దాటాక, "మార్చి అయిపోయాక ఏం చేస్తావు? సూర్యుడు మళ్లీ అక్కడికి ఎప్పుడొస్తాడు?" అన్నారు.

"అక్టోబర్లో అన్నారు మేడమ్."

"అప్పటిదాకా షాపు మూసుకుని కూర్చుంటామా?"

ఇంటికి రాగానే పాత తలుపు చెక్క ఒకటి రంపంతో కోసి, కాగితం మీద రాసుకున్న వంపుకు సరిపోయేలా త్రికోణంగా చెక్కారు. దాని పక్కన దారం కట్టి, దారానికి నట్టు వేలాడదీసి, ఒక గీత గీశారు. ఆ చెక్కను గొడుగు వీపుకు ఆనించాలి. వేలాడే దారం గీత మీదకు వచ్చిందంటే వంపు కుదిరినట్టే. మా తెనాలికైనా బాపట్లకైనా రేపల్లెకైనా అదే వంపు సరిపోతుంది. ఇక మిగిలింది కుడిఎడమలు తిప్పుకోవడమే. ఆ చెక్క పట్టుకుని మా ఇంటి మేడెక్కితే పావుగంటలో బొమ్మ వచ్చింది. మూడు రోజులు నోరు విప్పని ఆ డబ్బా ఒక్కసారిగా మాట్లాడుతుంటే, ఆయన ఛానల్ తర్వాత ఛానల్ మారుస్తూ అన్నం చల్లారిపోయేదాకా కూర్చున్నారు.

దిక్కు కనుక్కునే ఉపాయం మాత్రం నాది. దిక్సూచి కొన్నాం గాని ఇనప పైపు దగ్గరకు తెస్తే ముల్లు పిచ్చిగా తిరిగేది. ఉపగ్రహం ఉన్నది ఆగ్నేయం. మా వైపు ఇల్లు కట్టినవాళ్లెవరూ వంటగదిని ఆగ్నేయం మూల తప్ప ఇంకెక్కడా పెట్టరు. అందుకని ఏ ఇంటికి వెళ్లినా గేట్లోనే, "మీ పొయ్యి ఎటండి?" అని అడిగేదాన్ని. టిఫిన్ అడుగుతున్నానేమోనని కంగారుపడ్డవాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి యాంటెన్నాలన్నీ బెజవాడ వైపు, ఉత్తరానికి చూశాయి. ఇప్పుడు ఒక్కొక్క మేడే వంటింటి మూలకు తిరగడం మొదలుపెట్టింది.

చీర కట్టుకుని నిచ్చెనలెక్కడం కుదరక పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. దుగ్గిరాల దగ్గర పసుపు పండించే ఒక రైతు ఇంట్లో, ఇంటాయన మంచం మీద నుంచే, "ఆడమనిషి మేడెక్కడం ఏంటండీ, మీరెక్కండి" అన్నాడు మా ఆయనతో.

"నేనెక్కితే మీకు బొమ్మ రాదండి. ఆవిడెక్కితే వస్తుంది" అన్నారు మా ఆయన, అరుగు మీద కూర్చుని వైరు ఒలుస్తూ. అందులో వెటకారం లేదు, నామోషీ లేదు. నేను నిచ్చెన మధ్యలో ఉన్నాను. మిగతా మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు.

రేపల్లెలో టీవీలు అమ్మే షోరూమాయన ఉండేవాడు. గొడుగులు తెప్పించాడు గాని ఆయన మనుషులకు సిగ్నల్ దొరక్క అవి గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. మేం పెట్టిస్తామని వెళ్లి అడిగితే పెద్దగా పట్టించుకోలేదు.

"మావాళ్లు పది రోజులు తిప్పలు పడ్డారు. మీ వల్ల ఏమవుద్ది చెల్లెమ్మా?"

"టీ చెప్పండి అన్నయ్యగారూ. టీ వచ్చేలోపు చూద్దాం" అన్నాను.

అన్నాక భయమేసింది. ఆయన నిజంగానే ఎదురు కొట్టుకు కేకేసి మూడు టీలు చెప్పాడు. మా ఆయన చెక్క అందించారు. నేను వెనక మెట్ల మీదుగా పైకి పరిగెత్తాను. మెయిన్ రోడ్డు మీద షాపు కదా, అక్కడ వంటగది లేదు. పక్కింటి పొగగొట్టం చూసుకుని తిప్పాను. దారం గీత మీద నిలిచింది. కుడికి జరిపాను, ఇంకొంచెం. కింద షాపులో ఉన్న టీవీలన్నీ ఒకే డబ్బాకు కలిపి ఉన్నాయేమో, అన్నిట్లోనూ ఒకేసారి పాట మొదలైంది. దిగి వచ్చేసరికి టీ గ్లాసులు అప్పుడే బల్ల మీద పెడుతున్నారు. షోరూమాయన తన గ్లాసు నా వైపు జరిపి, "ముందు మీరు తీసుకోండి" అన్నాడు. చెల్లెమ్మా అన్న పిలుపు పోలేదు గాని, ఆ రోజు నుంచి 'మీరు' గట్టిపడింది.

ఆ గోడకు ఆనించిన గొడుగులన్నీ రెండు వారాల్లో చుట్టుపక్కల ఊళ్లకు చేరాయి. ఒకరోజు ఆయనే, "ఒక ఊరుంది. ఎవరి వల్లా కావట్లేదు. వెళ్తారా?" అని అడిగాడు.

అడవులదీవి దాటి సముద్రం దాపున చిన్న పల్లె. వేట మీద బతికేవాళ్లు. తాటాకు ఇళ్లు, అక్కడక్కడా పెంకుటిళ్లు. మమ్మల్ని రమ్మన్నది ఒక పెద్దావిడ. ఆవిడ ఇంట్లో రంగుల టీవీ ఏడాదిగా దుప్పటి కప్పుకుని కూర్చుంది. యాంటెన్నా పెడితే గాలికి పైపు ఒరిగిపోయింది. ఒరగనప్పుడు కూడా బెజవాడ అంత దూరం కావడంతో గరగర తప్ప బొమ్మ లేదు.

"ముగ్గురు మెకానిక్కులు వచ్చి పోయారమ్మా. తాటాకు మీద గొడుగు నిలబడదన్నారు. మేడ లేని ఇంటికి టీవీ ఎందుకని ఒకడు ఎగతాళి కూడా చేశాడు" అంది.

నేనూ ఆ కప్పు చూసి నీరసపడ్డాను. ఎక్కడానికి మేడ లేదు, పైపు కట్టడానికి గోడ లేదు. వాకిట్లో నిలబడి ఆగ్నేయం వైపు చూశాను. ఇసుక, దాని తర్వాత సముద్రం, దాని మీద ఆకాశం. ఒక్క చెట్టు అడ్డం లేదు. సరుగుడు తోటలన్నీ మా వీపు వైపున్నాయి. అలా చూస్తుంటే, ఇన్ని నెలలుగా నేను చేస్తున్న పనిలో ఒక సంగతి నాకే తెలియలేదని తట్టింది. బెజవాడ టవర్ నుంచి వచ్చేది నేల మీదుగా వస్తుంది కాబట్టి యాంటెన్నా ఎత్తుగా ఉండాలి. గొడుగుకు వచ్చేది ఆకాశం నుంచి. దానికి ఎత్తుతో పనేముంది? ఎదురుగా అడ్డం లేకపోతే చాలు. యాంటెన్నాల అలవాటు కొద్దీ మేడలెక్కాం.

"ఏవండీ, దీన్ని నేల మీద పెడితే?" అన్నాను.

మా ఆయన సముద్రం వైపు చూశారు, తర్వాత కర్రతో ఇసుకను పొడిచి చూశారు. "పెట్టొచ్చు. కానీ ఇసుకలో పైపు నిలవదు. కింద బరువు కావాలి."

పెద్దావిడ పెరట్లోకి తీసుకెళ్లింది. పగుళ్లిచ్చిన పాత రాతి రోలు ఒకటి మట్టిలో సగం కూరుకుపోయి ఉంది. నలుగురు మగవాళ్లు దాన్ని దొర్లించి వాకిట్లోకి తెచ్చారు. రోటి గుంటలో పైపు నిలబెట్టి, రాళ్లు కూరి, సిమెంటు పోసి, ఆ రోజుకు వెనక్కి వెళ్లిపోయాం. సిమెంటు ఆరనిచ్చి మూడో రోజు మళ్లీ వచ్చాం.

గొడుగు బిగించడానికి నేను పాన తీసుకోబోతే, మా ఆయన చెయ్యి చాచారు.

"ఇలా ఇవ్వు. నువ్వు లోపల టీవీ దగ్గర ఉండు."

పెద్దావిడ పీట వేసింది. కర్ర పక్కన పడేసి, రాడ్డు వేసిన కాలు ముందుకు చాపుకుని, ఆయన ఆ పీట మీద కూర్చున్నారు. పడిన నాటి నుంచి ఆయన తన చేత్తో ఒక్క బోల్టు బిగించి బొమ్మ తెప్పించలేదు. మేడ లేకపోతే ఆ మనిషికి అడ్డేముంది? నేను లోపలికి వెళ్లి తాటాకు చూరు కింద నుంచి ఆయన చేతులు మాత్రమే కనిపించేలా టీవీ ముందు నిలబడ్డాను. చెక్క ఆనించారు. దారం గాలికి ఊగుతుంటే అరచెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"వచ్చిందా?"

"ఇంకా లేదండీ."

"ఇప్పుడు?"

సిగ్నల్ గీత ఒక్కసారి లేచింది. తెర నిండా రంగులు పరుచుకున్నాయి. నాకంటే ముందు పెద్దావిడే గుమ్మంలోంచి, "వచ్చిందయ్యా" అని చెప్పింది. ఆయన పాన కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కాసేపు ఆ పీట మీదే అలా కూర్చుండిపోయారు. నేను బయటికి వస్తే నా వైపు చూసి, "బోల్టు గట్టిగానే బిగించాను. నువ్వొకసారి చూడు" అన్నారు. చూడాల్సిన పని లేదు. అయినా చూశాను. సరిగ్గా ఉందన్నాను.

ఊరంతా ఆ వాకిట్లోకి వచ్చింది. సినిమా పాటలు చూశారు, వంటల కార్యక్రమం చూశారు. మధ్యాహ్నం వార్తల చివర వాతావరణం పటం వేశారు. పెద్దావిడ కొడుకు, నలభై ఏళ్ల మనిషి, లేచి వెళ్లి తెర మీద కోస్తా గీతను వేలితో తడుముతూ, "మనం ఇదిగో ఇక్కడ. మబ్బు ఇంకా అక్కడే ఉంది" అని అందరికీ చూపించాడు. అంతవరకు వాళ్లకు వాయుగుండం అంటే రేడియోలో ఒక మాట. అది ఎంత దూరంలో ఉందో కళ్లతో చూడడం అదే మొదటిసారి. పడవ రేపు తియ్యాలా వద్దా అని అక్కడే, టీవీ ముందే మాట్లాడుకున్నారు.

దసరా నాటికి ఆ పల్లెలో టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ ఒక గొడుగు నిలబడింది. రోళ్లు దొరకనివాళ్లు పగిలిన నూతి ఒరల్లో సిమెంటు పోసుకున్నారు. అన్నిటినీ మా ఆయనే పీట మీద కూర్చుని బిగించారు. ఆ ఏడు కార్తీకంలో గాలివాన వచ్చినప్పుడు జడివాన కురిసినంతసేపు బొమ్మ పోయింది. వాన పలచబడగానే ఎవరూ చెయ్యి వెయ్యకుండానే తిరిగొచ్చింది. ఒక్క గొడుగూ ఒరగలేదని పెద్దావిడ రేపల్లె షోరూముకు ఫోన్ చేసి మరీ మాకు చెప్పించింది.

మరుసటి ఏడాది బెజవాడ డీలరు తెనాలి వచ్చాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మెకానిక్కులందరికీ గొడుగు పెట్టడం నేర్పించాలని, కల్యాణమండపం ఒక రోజుకు తీసుకున్నానని, మా ఆయన వచ్చి చెప్పాలని అడిగాడు.

"చెక్క నేను చేసిస్తాను. పాఠం ఆవిడ చెప్తుంది" అన్నారు ఆయన.

"మగవాళ్లందరి ముందు..." అని డీలరు నసిగాడు.

"వాళ్లకు బొమ్మ రావాలా, వద్దా?"

ఆ రోజు పొద్దున మండపంలో ముప్ఫై మందికి తక్కువ లేరు. కొందరు మా ఆయన కంటే పెద్దవాళ్లు, ఆయనకు యాంటెన్నా కట్టడం నేర్పినవాళ్లు. నల్లబల్ల మీద సుద్దతో భూమి గీసి, పైన చుక్క పెట్టాను. మొదటి రెండు వాక్యాలకు నా గొంతు నాకే వినపడలేదు. మూడో వాక్యానికి వెనక వరసలో ఒకాయన పుస్తకం తెరిచి రాసుకోవడం కనిపించింది. ఆ తర్వాత భయం ఎటు పోయిందో తెలియదు. ముఖం ఎటు, చూపు ఎటు, నేల మీద ఎందుకు పెట్టొచ్చు, వాన పడితే ఏమవుతుంది, అన్నీ చెప్పాను. నెరిసిన మీసాల పెద్దమనిషి ఒకాయన లేచి, "అమ్మా, ఇంకొక్కసారి చెప్పండి. చూపు ముఖం కంటే పైకా, కిందకా?" అని అడిగాడు.

"పైకండి" అని మళ్లీ గీసి చూపించాను.

తర్వాత అందరం ఎనిమిది గొడుగులు పట్టుకుని మండపం మేడ మీదకు వెళ్లాం. ఒక్కొక్క గొడుగు చుట్టూ నలుగురు చేరారు. ముందుగా బాపట్ల వైపు వాళ్లకు దొరికింది, వెంటనే రేపల్లె వాళ్లకు. మా తెనాలి వాళ్లు ఆలస్యం చేసి పరువు తీశారు గాని, ఆ నెరిసిన మీసాలాయనే పట్టుదలగా కూర్చుని తెప్పించాడు. కింద నుంచి వంటవాడు రెండుసార్లు వచ్చి విస్తళ్లు వేశామని చెప్పాడు. ఎవరూ కదల్లేదు. దొరికినవాళ్లు కావాలనే చెడగొట్టుకుని మళ్లీ పట్టుకుంటున్నారు. మూడోసారి వచ్చి, సాంబారు చల్లారిపోతోందని నా దగ్గర మొరపెట్టుకున్నాడు.

"మళ్లీ వేడి చెయ్యి నాయనా" అన్నాను. "వాళ్లిప్పుడు దిగరు."